బ్యాలే మీద హారర్ తీయాలంటే ఏది మేలు: నటికి డాన్స్ నేర్పడమా, డాన్సర్‌తో నటింపజేయడమా?

మొన్న బ్లాక్ స్వాన్ మళ్ళీ చూశా, ఆ వెంటనే రెడ్ షూస్ కూడా పెట్టుకుని చూశా. రెండూ బ్యాలే డాన్సర్ మనసు ఎలా చితికిపోతుందో చెప్పే సినిమాలే, కానీ తీసిన దారులు మాత్రం పూర్తిగా వేరు. ఒకదాంట్లో నటికి డాన్స్ నేర్పారు, ఇంకోదాంట్లో డాన్సర్‌నే తెచ్చి నటింపజేశారు.

ముందు 2010లో వచ్చిన బ్లాక్ స్వాన్ సంగతి. హీరోయిన్ నటాలీ పోర్ట్‌మన్ చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుని వదిలేసింది, ఈ సినిమా కోసం మళ్ళీ మొదలెట్టి దాదాపు ఏడాది పాటు, ఒకప్పుడు న్యూయార్క్ సిటీ బ్యాలేలో చేసిన మేరీ హెలెన్ బోవర్స్ దగ్గర రోజూ గంటల కొద్దీ ప్రాక్టీస్, పైగా ఈత, బరువు తగ్గడం. షూటింగ్‌లో పక్కటెముక దెబ్బతింటే, సెట్లో డాక్టర్‌ని పెట్టడానికి డబ్బుల్లేవన్నారట, అయితే నా ట్రైలర్ (షాట్ల మధ్య కూర్చునే కారవాన్) తీసేయండి అందట, మర్నాడు నిజంగానే తీసేశారని తనే చెప్పింది. సుమారు కోటీ ముప్ఫై లక్షల డాలర్లతో తీసిన సినిమా మరి.

ఇంత చేసినా ఏడాదిలో చేతులు, మెడ, వీపు దారికొస్తాయేమో గానీ, కాలివేళ్ళ కొసల మీద నిలబడి గిరగిరా తిరగడం రాదు, దానికి చిన్నప్పట్నుంచీ ఒళ్ళు అలా తయారవ్వాలి. అందుకే డైరెక్టర్ డారెన్ ఆరొనోఫ్స్కీ, కెమెరామన్ మాథ్యూ లిబటీక్ కలిసి సూపర్ 16 అనే సన్నటి ఫిల్మ్ మీద, కెమెరా చేత్తో పట్టుకుని ఆమె మొహానికి, మెడకి అతుక్కుపోయినట్టు తీశారు. మనకి ఊపిరాడదు. ఆమెకి ఏది కనిపిస్తే మనకీ అదే, పక్కన నిజంగా ఏముందో తెలీదు. డాన్స్ రాని లోటుని కప్పే ఆ క్లోజప్పే భయానికి అసలు ఆధారం అయింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కష్టమైన అడుగులు అమెరికన్ బ్యాలే థియేటర్ డాన్సర్ సారా లేన్ వేసింది, కొన్ని షాట్లలో ఆమె ఒంటి మీద పోర్ట్‌మన్ మొహం కంప్యూటర్‌లో అతికించారు. 2011లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఒళ్ళంతా కనపడే షాట్లలో పోర్ట్‌మన్ చేసింది 5 శాతమే అని లేన్, మొత్తం 139 డాన్స్ షాట్లలో 111 పోర్ట్‌మన్‌వే అని ఆరొనోఫ్స్కీ. నాకైతే ఇద్దరూ వేర్వేరు లెక్కలు చెప్పారనిపిస్తుంది, ఆయన భుజాల దాకా కనపడే షాట్లు కూడా కలిపాడు, ఆమె ఒళ్ళంతా కనపడేవే చూసింది. కానీ లేన్ బాధ న్యాయమైనదే, ఇరవై ఏళ్ళ సాధన ఏడాదిలో వచ్చేస్తుందని జనం నమ్మితే ఏ డాన్సర్‌కైనా కడుపు మండుతుంది.

ఇక 1948 రెడ్ షూస్‌కి వద్దాం. హీరోయిన్ మొయిరా షియరర్ బ్రిటన్‌లోని శాడ్లర్స్ వెల్స్ బ్యాలే బృందంలో డాన్సర్, సినిమా వద్దంటే వద్దని చాలాకాలం ఒప్పుకోలేదు. ఆమె వచ్చాక కెమెరాకి దాచాల్సిందేం లేదు, తల నుంచి పాదం దాకా నిబ్బరంగా చూపించొచ్చు. మధ్యలో పావుగంట పైగా సాగే బ్యాలే ఉంది, గాలికి ఎగిరే న్యూస్‌పేపర్ మనిషైపోయి ఆమెతో డాన్స్ చేస్తుంది, స్టేజీ కరిగిపోయి ఆమె మనసులోకి వెళ్ళిపోతాం. జాక్ కార్డిఫ్ టెక్నికలర్ రంగుల గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే అక్కడ భయం సెట్టులోనూ రంగుల్లోనూ ఉంది, ఆమె మొహంలో అంతగా లేదు. నేను నోరు తెరుచుకుని చూశా గానీ, వణకలేదు.

అందుకే నా ఓటు ఇలా. డాన్స్ కోసం చూడాలంటే రెడ్ షూస్ దారే, ఇంకో మాట లేదు. మనసులో పుట్టే భయం చూపించాలంటే మాత్రం నటినే తీసుకోవాలి, ఎందుకంటే ఆ భయం కళ్ళలో, పెదాల వణుకులో కనపడాలి, పాదాల్లో కాదు. కాకపోతే డూప్ చేసిన డాన్సర్ పేరు రిలీజ్‌కి ముందే, ఇంటర్వ్యూల్లోనే, హీరోయిన్ పేరు పక్కన చెప్పాలి. ఈసారి బ్లాక్ స్వాన్ చూస్తే, మొహం తప్పించి కాళ్ళు మాత్రమే గబగబా తిరిగే షాట్ వచ్చినప్పుడు సారా లేన్‌ని ఒకసారి తలుచుకోండి.