కోడిపిల్లలు పొడుచుకుంటే: ముక్కు కొయ్యాలా, బల్బు మార్చాలా, దాణా సరిచెయ్యాలా?

మూడో వారంలో తోక దగ్గర కొత్త ఈకలు పొడుచుకొచ్చేటప్పుడే సాధారణంగా ఈ గొడవ మొదలవుతుంది. కొత్త ఈక కాడలో నెత్తురుంటుంది. ఒక పిల్ల ఊరికే గిచ్చినా చుక్క బయటికొస్తుంది. ఆ ఎరుపు కంటపడిందా, మిగతావన్నీ దాని వెంటే. మలద్వారం దాకా పోతే పేగులు లాగేస్తాయి, పిల్ల దక్కదు.

ముక్కు కోయడం వేల కోళ్లుండే గుడ్ల ఫారాల పద్ధతి. 7–10 రోజుల వయసులో, ఎర్రగా కాల్చిన బ్లేడుతో, పై ముక్కు మూడో వంతుకు మించకుండా కోస్తారు. మించితే నెత్తురు ఆగదు, నొప్పికి దాణా ముట్టవు. పైగా పొడిచే బుద్ధి పోదు, గాయం లోతు మాత్రం తగ్గుతుంది. దొడ్లో గింజ, పురుగు ఏరుకు తినాల్సిన నాటు పిల్లలకు, వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలకు ముక్కే ఆధారం. వాటికి ఈ పని వద్దనే గట్టిగా చెప్తాం.

ఎర్ర బల్బు చవక, ఆ రాత్రికే పనిచేస్తుంది. ఎర్ర వెలుతురులో నెత్తురు చుక్క వేరుగా కనపడదు. అయితే పగలు కిటికీలోంచి ఎండ చార పడుతుంటే లాభం లేదు, అక్కడ గోనెపట్టా కట్టాలి. అనంతపురం, కడప ఎండల్లో పగలంతా బల్బు వేసి ఉంచడం ఇంకో తప్పు. పిల్లలు నోరు తెరిచి గోడలకు చేరుతున్నాయంటే వేడి ఎక్కువైనట్టే, ఉక్కకు చిరాకుపడే పొడుచుకుంటాయి. మొదటి వారం 35 డిగ్రీలు చాలు, ఆపైన వారానికి 3 డిగ్రీలు తగ్గించాలి.

అసలు కిటుకు దాణాలో ఉంది. మన దగ్గర సజ్జ, కొర్ర, మొక్కజొన్న నూకలో శెనక్కాయ చెక్క కలిపి సరిపెడతారు. చెక్కలో మాంసకృత్తులు బాగానే ఉన్నా, వాటిలో ఒక భాగమైన మిథియోనిన్ తక్కువ. ఈక పెరగడానికి కావాల్సింది అదే. కడుపు నిండినా ఆ లోటు తీరక పక్కదాని ఈక పీకి తింటాయి. అందుకే ఆరు వారాల దాకా 20 శాతం మాంసకృత్తులుండే స్టార్టర్ దాణా (చిన్నపిల్లలకని తయారుచేసేది) పెట్టండి, ఖర్చనుకోవద్దు. ఇంట్లో కలుపుకునేవాళ్లు 10 కిలోలకు 30 గ్రాముల ఉప్పు మరవకూడదు. ఎండుచేపల పొడి వేస్తే దాంట్లోని ఉప్పు లెక్కలోకి తీసుకోవాలి. బూజు వాసనొచ్చే చెక్క పిల్లలకు విషం.

చోటు కూడా చూసుకోవాలి. వంద పిల్లలకు నాలుగు వారాల దాకా 50 చదరపు అడుగులు, తర్వాత 100. మూడో వారం నుంచి రెండువైపులా తినే నాలుగడుగుల దాణా తొట్లు రెండుండాలి. ఒక్కటే ఉంటే బలమైనవి తిని, మిగతావాటిని పొడిచి తరుముతాయి. తోటకూర కట్ట పిల్లల తల ఎత్తున వేలాడదీస్తే ముక్కుకు పని దొరుకుతుంది.

కాబట్టి ముందు దాణా, చోటు. అవి సర్దుకునేదాకా ఎర్ర బల్బు. గాయమైన పిల్లను వెంటనే వేరుచేసి పసుపు, వేపనూనె పూయండి. ఆ చేదుకు మిగతావి ముట్టవు. పుండు పూర్తిగా ఎండాకే, రాత్రి చీకట్లో మందలో వదలండి.