క్రూయిజర్ సైకిలుకు స్టాండు మార్పిస్తున్నారా? బ్రేకు ఆర్మ్ జాగ్రత్త

“26 అంగుళాల సైకిళ్లన్నింటికీ సరిపోతుంది” అన్న ఒక్క మాట నమ్మి క్రూయిజర్ సైకిలుకు వేరే స్టాండు కొనవద్దని అమెరికాలో ఉంటున్న మన తెలుగువారికి, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లవారికి, గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను. టెక్సస్‌లో మా ఇంట్లో జరిగిన ఈ వ్యవహారంలో నష్టం స్టాండు ఖరీదుతో ఆగలేదు. ఫ్రేము గొట్టం సొట్టపోయింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, సైకిలుకు ఉన్న ఒకే ఒక్క బ్రేకు పట్టని స్థితిలో అది దుకాణం నుంచి ఇంటికి వచ్చింది.

మా ఆవిడ వాడే సైకిలు వెడల్పాటి హ్యాండిలు, 2.125 అంగుళాల లావుపాటి బెలూను టైర్లు, ముందు బుట్ట ఉన్న మామూలు క్రూయిజర్. చేతి బ్రేకులు లేవు. పెడలు వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు మాత్రమే ఉంది. దానితో వచ్చిన ఒంటికాలి సైడు స్టాండు, బుట్టలో సరుకులు పెట్టేసరికి సైకిలును ఆపలేకపోయేది. మన ఊళ్లలో వెనక చక్రాన్ని నేల నుంచి పైకి లేపి నిలబెట్టే డబుల్ స్టాండుకు అలవాటుపడినవారికి ఈ ఒంటికాలి మీద నమ్మకం కుదరకపోవడం సహజం. అందుకే రెండు కాళ్ల సెంటర్ స్టాండును ఆన్‌లైన్‌లో తెప్పించాము.

అమ్మకందారు చెప్పే 26 అంగుళాలు చక్రం కొలత. దాన్నిబట్టి స్టాండు కాలు ఎంత పొడవుండాలో కొంత అంచనా వేయవచ్చునేగాని, ఆ స్టాండు మన ఫ్రేముకు బిగుస్తుందో లేదో ఏ మాత్రమూ తెలియదు. సెంటర్ స్టాండు కూర్చునే చోటు పెడళ్ల ఇరుసుకు సరిగ్గా వెనక, వెనక చక్రం వైపు వెళ్లే రెండు చైన్‌స్టే గొట్టాల మధ్య ఉంటుంది. కొన్ని ఫ్రేములకు అక్కడ రంధ్రం ఉన్న పలకను వెల్డింగు చేసి ఇస్తారు. సాధారణంగా 10 మిల్లీమీటర్ల బోల్టుతో స్టాండు దానికి నిలకడగా బిగుస్తుంది. పలక లేని ఫ్రేములకు గొట్టాల పైన ఒక బిళ్ల, కింద స్టాండు పెట్టి, మధ్యలో గొట్టాలను నొక్కి పట్టేలా బోల్టు బిగించాలి. క్రూయిజర్లలో గొట్టాలు వంపు తిరిగి ఉండటం, టైరు లావుగా ఉండటం, మడ్‌గార్డు కింది కొస కూడా చాలావాటికి అక్కడే బిగించి ఉండటం వల్ల ఆ బిళ్లకు చోటు చాలకపోవచ్చు. మా సైకిలుకు పలక లేదు, చోటూ లేదు.

బిగించమని ఇచ్చిన సైకిలు దుకాణంలో ఈ సంగతి చెప్పి వెనక్కి పంపి ఉంటే సరిపోయేది. అలా చేయకుండా బిళ్లను ఏటవాలుగా దూర్చి, జారకూడదని బోల్టును బలమంతా పెట్టి బిగించారు. తరువాత విప్పి చూస్తే ఎడమ గొట్టం పైభాగాన బొటనవేలు ఇమిడేంత పల్లం పడి, దాని అంచున పెయింటు పెచ్చులు లేచి ఉంది. మాది ఉక్కు ఫ్రేము. అల్యూమినియం ఫ్రేముకు ఇలాంటి సొట్ట పడితే అది పగులుకు దారితీయవచ్చు కాబట్టి, నిపుణులకు చూపించకుండా ఆ సైకిలు ఎక్కకూడదు.

ఆ స్టాండు నిలవకపోవడంతో దుకాణంవారే తమ దగ్గరున్న మరో రకం, అంటే వెనక ఇరుసుకు దగ్గరగా ఎడమవైపు గొట్టాలకు బిగించే స్టాండును అమర్చి ఇచ్చారు. అసలు ప్రమాదం ఇక్కడే జరిగింది. కోస్టర్ బ్రేకు సైకిలుకు ఎడమవైపు ఇరుసు దగ్గర నుంచి ముందుకు చాచి ఉండే ఒక లోహపు పట్టీ ఉంటుంది. అదే బ్రేకు ఆర్మ్. దాని కొసను చిన్న క్లిప్పు, నట్టు, బోల్టుతో చైన్‌స్టేకు కట్టి ఉంచుతారు. పెడలు వెనక్కి నొక్కినప్పుడు హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, పుట్టే తిప్పుడు బలాన్ని ఆపి ఫ్రేముకు అప్పగించేది ఈ ఆర్మే. దాన్ని కట్టకపోతే బ్రేకు నొక్కినప్పుడల్లా చక్రంతో పాటు అదీ తిరగబోతుంది, ఇరుసు నట్లు సడలిపోతాయి, బ్రేకు పట్టు పోతుంది. స్టాండు క్లాంపుకు అడ్డం వస్తోందని దుకాణంవారు ఆ క్లిప్పును తీసి పక్కన పడేశారు. మాకు ఒక్క మాటైనా చెప్పలేదు.

ఇంటి ముందు వాలులో మా ఆవిడ పెడలు వెనక్కి నొక్కగానే వెనక నుంచి ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు వచ్చి, సైకిలు ఆగకుండా ముందుకే పోయింది. క్రూయిజర్ సీటు ఎత్తు తక్కువగా ఉంటుంది కాబట్టి రెండు పాదాలూ నేలకు ఆనించి ఆపగలిగింది. వంగి చూస్తే ఆర్మ్ కిందికి తిరిగి స్టాండు కాలికి తగిలి ఆగి ఉంది. అదే సైకిలును మా అమ్మాయి తీసుకుని రోడ్డు మీదికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయమేస్తుంది.

అడిగితే, క్లిప్పు లేకపోయినా ఏమీ కాదని దుకాణంవారు వాదించారు. అది పూర్తిగా తప్పు. స్టాండు అమ్మినవారు ఒకసారి బిగించిన వస్తువును వాపసు తీసుకోబోమన్నారు. అన్ని సైకిళ్లకూ సరిపోతుందన్న వారి ప్రకటన స్క్రీన్‌షాట్ పంపిన తరువాతే ఆ డబ్బు తిరిగి ఇచ్చారు. ఫ్రేముకు జరిగిన నష్టానికి ఎవరూ బాధ్యత వహించలేదు. కొనే రోజునే ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించగలరు.

కొనాలనుకునేవారు ముందుగా సైకిలును తలకిందులు చేసి, పలక ఉందో లేదో, టైరుకూ ఫ్రేముకూ మధ్య చోటెంతో కొలిచి, ఆ ఫోటోను అమ్మకందారుకు పంపి, సరిపోతుందని రాతపూర్వకంగా చెప్పించుకోండి. సెంటర్ స్టాండు వేసి ఉండగా సైకిలును వెనక్కి నెడితే ఎడమ క్రాంకు, అంటే పెడలును ఇరుసుకు కలిపే కడ్డీ, వచ్చి స్టాండు కాలికి తగులుకోవచ్చు. మామూలు సైకిలుకైతే పెడలును ముందే వెనక్కి తిప్పి స్టాండు కాలికి దూరంగా సర్దుకోవచ్చుగాని, కోస్టర్ బ్రేకుకు ఆ వీలుండదు, బలవంతం చేస్తే కాలు వంగుతుంది. ఏ స్టాండు వేసినా సరే, సైకిలు మీది సీటులో పిల్లలను కూర్చోబెట్టి చేయి వదలకండి. దుకాణం నుంచి సైకిలు తీసుకునేటప్పుడు బ్రేకు ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని కదిపి చూడండి, అది కదలకూడదు.

మరో దుకాణంలో ఫ్రేమును పరీక్ష చేయించి, కొత్త క్లిప్పు వేయించి, పాత సైడు స్టాండునే మళ్లీ బిగించుకున్నాము. సైకిలు పడిపోవడానికి కారణం స్టాండు కాదని, బుట్ట బరువుకు ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు తిరిగిపోవడమేనని అక్కడి మెకానిక్ చూపించాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ ఫ్రేము కింది గొట్టానికీ మధ్య ఒక చిన్న స్ప్రింగు తగిలించాడు. ఇప్పుడు సరుకులతో ఉన్నా హ్యాండిలు తిరగడం లేదు, సైకిలు నిలుస్తోంది.