హోమ్ నర్సింగ్‌కు నెల అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఇంట్లో క్యాన్సర్ రోగిని పెట్టుకుని, నర్సు కోసం ఏజెన్సీలకు ఫోన్లు చేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో మేము ఆ పని చేసి, ఆరు రోజుల్లో నాన్నగారిని అత్యవసర వార్డు దాకా తెచ్చుకున్నాం.

నాన్నగారికి అన్నవాహిక క్యాన్సర్. రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఇస్తున్నారు. మింగుడు పడడం లేదని ముక్కులోంచి గొట్టం వేశారు. పాలు, జావ, నూరిన మందులు అన్నీ దాంట్లోంచే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు విషయాలు మరీ మరీ చెప్పారు. గొట్టంలో ఏది పోసినా తల వైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. లేకపోతే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రెండోది జ్వరం. 100.4 డిగ్రీలు తాకిందంటే, మాత్ర వేసి తెల్లవారే దాకా చూడకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకురావాలి. కీమోతో తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదిరిపోతుంది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఆఫీసు. అందుకే ఏజెన్సీకి ఫోను చేశాను. క్యాన్సర్ పేషెంట్లను చూసిన నర్సును పంపుతామన్నారు. గొట్టం, డ్రెస్సింగ్, ఇంజెక్షన్ అన్నీ వచ్చన్నారు. ఏ రాత్రి ఫోను చేసినా సూపర్‌వైజర్ పలుకుతారన్నారు. రిజిస్ట్రేషన్ పేరుతో 5,000, నెల అడ్వాన్స్ 36,000 కట్టించుకున్నారు. ఆ రిజిస్ట్రేషన్ మా పేరు వాళ్ల పుస్తకంలో రాసుకోవడానికి. వచ్చే మనిషికి నర్సుగా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలని ఆ కంగారులో నాకు తట్టలేదు.

తెల్ల యూనిఫాంలో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. నెమ్మదస్తురాలు, నాన్నగారిని ‘తాతా’ అని ఆప్యాయంగా పిలిచేది. మొదటి రోజే నాన్నగారు వెల్లకిలా పడుకుని ఉండగా గొట్టంలో జావ పోసింది. ఆయనకు ఉక్కిరిబిక్కిరై దగ్గు తెర వచ్చింది. అమ్మ పరుగున వెళ్లి దిండ్లు ఎత్తు పెట్టింది. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకున్నాం. అలా అనుకోవడం మా తప్పు.

ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఇంటికి వచ్చాను. మంచం పక్కన అట్టకు బిగించిన చార్టు ఉంటుంది. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది; ఒక్కో సమయానికి జ్వరం, నాడి, బీపీ రాయాలి. యథాలాపంగా చేతిలోకి తీసుకున్నాను. రాత్రి పది గంటల గడి కూడా నిండి ఉంది. పైనుంచి కింద దాకా అదే నీలం సిరా, అదే 98.4. నాన్నగారి నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. థర్మామీటర్ ఇంకా కొన్నప్పటి కవరులోనే ఉంది. తీసి పెడితే 101.2 చూపించింది.

ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. కణాలు బాగా పడిపోయాయి, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. సాయంత్రం దాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు అన్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

మేము ఆస్పత్రికి బయలుదేరుతుంటే ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఏడుస్తూ చెప్పింది. ‘‘అక్కా, రోజూ పొద్దున్నే చార్టు మొత్తం నింపి ఫొటో పంపమంటారు. ఖాళీ ఉంటే జీతం కోస్తారు. గొట్టం నేను ముట్టుకోవడం తాతతోనే మొదలు.’’ అంతకు ముందు ఒక ముసలావిడకు స్నానం చేయించి, బట్టలు మార్చే పని చేసిందట. మేము కట్టిన 36,000లో ఆమె చేతికి వచ్చేది 13,000. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. రాని పనికి ఒక రోగి ప్రాణం ముందు నిలబెట్టినవాళ్ల మీద ఉంది.

ఆ రాత్రి సూపర్‌వైజర్‌కు ఏడుసార్లు ఫోను చేశాను, పలకలేదు. మర్నాడు పదకొండింటికి ఆఫీసు నుంచి వచ్చిన జవాబు: ‘‘మేడం, మేము ఇచ్చింది అటెండెంటునే. రసీదు చూసుకోండి.’’ చూస్తే నిజమే. ఫోనులో పదిసార్లు నర్సు అన్నవాళ్లు రసీదులో ‘పేషెంట్ కేర్ సేవ’ అని రాశారు. కింద చిన్న అక్షరాల్లో, మనిషిని మార్చి ఇస్తాం గానీ డబ్బు వాపసు ఇవ్వం అని ఉంది.

కాబట్టి డబ్బు కట్టక ముందే, వచ్చే మనిషి చదువు ఏమిటో పేరుతో సహా అడగండి. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు, ఎ.ఎన్.ఎం. రెండేళ్లు చదవాలి. చదివినవాళ్లకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ కాగితం పంపడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. రసీదు మీద ‘నర్సు’ అన్న మాట రాయించుకోండి. నెల మొత్తం ముందే కట్టకండి, వారానికి ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి. మొదటి రోజు సెలవు పెట్టి అయినా ఇంట్లో ఉండి, గొట్టంలో పోసే ముందు ఆమె చేతులు కడుక్కుందా, తల ఎత్తు పెట్టిందా, పోశాక మంచినీళ్లతో గొట్టం శుభ్రం చేసిందా చూడండి. సూపర్‌వైజర్ నంబరుకు ఒకసారి రాత్రి పదకొండింటికి ఫోను చేసి చూడండి.

నర్సు పని వేరు, సహాయకురాలి పని వేరు. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం కూడా గొప్ప సేవే. అది చాలనుకుంటే ఆ పేరుతో, ఆ జీతంతో మనిషిని పెట్టుకోండి.

మాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇంకొకటి. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ బృందం ఇళ్లకు వచ్చి క్యాన్సర్ రోగులను ఉచితంగా చూస్తుంది. తెలంగాణ ప్రభుత్వ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాల్లో కూడా వస్తారు. వాళ్లు రాత్రింబవళ్లు ఇంట్లో ఉండరు, వచ్చి చూసి వెళ్తారు. నొప్పికి మందులు, పుండ్లకు డ్రెస్సింగ్, ఇంట్లోవాళ్లకు నేర్పడం వాళ్ల పని. మీ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉందేమో డిశ్చార్జికి ముందే అడగండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. రసీదు, వాట్సాప్ సందేశాలు, చార్టు దాచుకోండి. ఆ నీలం సిరా చార్టును నేను ఫిర్యాదుకు జతచేశాను. డబ్బు ఇంకా రాలేదు.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు వార్డు నర్సు రెండు మధ్యాహ్నాలు కూర్చుని అమ్మకు గొట్టం సంగతంతా నేర్పింది. ముక్కు దగ్గర వేసిన గుర్తు కదిలిందేమో చూసుకుని, దిండ్లు సర్ది, ఇప్పుడు అమ్మే పోస్తోంది. చార్టు కూడా తనే రాస్తోంది. 6.20కి 98.2, 10.05కి 98.9, మధ్యాహ్నం 2.40కి 99.1.