ఐసీపీసీఎన్ ఉచిత కోర్సులు: పిల్లల పాలియేటివ్ కేర్‌లో మన వార్డులకు ఎంతవరకు పనికొస్తాయి?

పిల్లల వార్డుల్లో పనిచేసే నర్సులు, డ్యూటీ డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, కౌన్సెలర్లు పైసా ఖర్చు లేకుండా పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బులున్నవారి నొప్పినీ బాధనూ తగ్గించే సంరక్షణ, నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటర్నేషనల్ చిల్డ్రన్స్ పాలియేటివ్ కేర్ నెట్‌వర్క్, అంటే ఐసీపీసీఎన్, నడిపే ఆన్‌లైన్ కోర్సులతో మొదలుపెట్టమంటాం. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాం. అందులో చెప్పిన విషయాల్లో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయితే కోర్సు ముగిసే చోటుకీ మన వార్డులో బిడ్డ పడుకున్న మంచానికీ మధ్య కొంత దూరం మిగిలిపోతుంది. ఒక మార్కు తగ్గింది అందుకే. ఆ దూరాన్ని ఎలా పూడ్చుకోవాలన్నదే కింద ఎక్కువగా రాశాం.

2005లో సియోల్‌లో పురుడుపోసుకున్న ఈ సంస్థ అంతర్జాతీయంగా పనిచేస్తోంది. 2014 ఫిబ్రవరిలో తన తొలి అంతర్జాతీయ సదస్సును ముంబైలో జరిపింది. కోర్సుల్లో పరిచయం, నొప్పి, పిల్లలతో మాట్లాడటం, ఎదుగుదల–ఆట, చివరి రోజుల సంరక్షణ, వియోగ దుఃఖం ఉన్నాయి. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్, స్పానిష్, పోర్చుగీసు వంటి భాషల్లో దొరుకుతాయి కానీ తెలుగులో లేవు. పేరు నమోదు చేసుకుని, వీలైన వేళల్లో చదివి, ప్రశ్నలకు జవాబులిస్తే సర్టిఫికెట్ వస్తుంది. అది కోర్సు చదివినట్టు రుజువు, అంతవరకే. మన మాదకద్రవ్యాల చట్టం కింద, బలమైన నొప్పి మందు అయిన మార్ఫిన్‌ను నిల్వ ఉంచుకునే గుర్తింపుకు కావలసిన శిక్షణతో దాన్ని కలపకండి. ఆ అర్హత ఏమిటో రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయంలో విడిగా కనుక్కోవాలి.

పరిచయ కోర్సును చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. పిల్లల్లో పాలియేటివ్ కేర్ జబ్బు నిర్ధారణ అయిన రోజే మొదలవ్వాలని, జబ్బుకు వైద్యం నడుస్తున్నా లేకున్నా కొనసాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. మన దగ్గర మాత్రం ‘ఇంక చేయగలిగిందేమీ లేదు’ అని రాశాకే బిడ్డను పాలియేటివ్ విభాగానికి పంపుతున్నారు. నయమయ్యే అవకాశం ఉన్నా ప్రాణాపాయం పొంచి ఉన్న క్యాన్సర్లు, డుషెన్ కండరాల క్షీణత వంటివి, క్రమంగా ముదిరే జీవక్రియ జబ్బులు, ముదరకపోయినా తీవ్రమైన వైకల్యం మిగిల్చే సెరిబ్రల్ పాల్సీ అని నాలుగు రకాలుగా ఈ పిల్లలను గుర్తిస్తారు. ఇది చదివిన నర్సు మర్నాడు వార్డులో తిరిగితే, క్యాన్సర్ లేని పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. మూర్ఛలు, కాళ్లు బిగుసుకుపోవడం, మింగలేకపోవడం వంటి బాధలతో ఏళ్ల తరబడి ఓపీకి వచ్చిపోయే సెరిబ్రల్ పాల్సీ బిడ్డ నొప్పి గురించి ఎవరూ అడగడం లేదని అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికంటే బలమైనది నొప్పి కోర్సు. నొప్పిని చెప్పలేని చిన్న పిల్లలకు ఎఫ్‌ఎల్‌ఏసీసీ స్కేలు వాడమంటారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేస్తే, మొత్తం 0–10 మధ్య వస్తుంది. నిద్రలో ఉన్న బిడ్డను ఒక్క చూపు చూసి సున్నా వేయడం దీనిలో జరిగే పెద్ద పొరపాటు. దుప్పటి తీసి, కాళ్లూ ఒళ్లూ చూసి, కాస్త కదిపి గమనించాలి. నరాల జబ్బున్న బిడ్డ మామూలుగానే కాళ్లు బిగించి ఉంటాడు కాబట్టి ఈ స్కేలు తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి పిల్లలకు సవరించిన రూపం ఉంది. దాన్లో ‘మీ బాబు నొప్పి ఉన్నప్పుడు ప్రత్యేకంగా ఏం చేస్తాడమ్మా?’ అని తల్లిని అడిగి, ఆ గుర్తులను స్కేలులో చేర్చుకుంటారు.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మల స్కేలు ఉంది. ఎడమ చివర అస్సలు నొప్పి లేని ముఖం, కుడి చివర చాలా చాలా నొప్పి ఉన్న ముఖం అని చెప్పి చూపాలి. ‘నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ’ అని చెప్పారంటే స్కేలు పాడైనట్టే. ఇంటిమీద బెంగతో ఉన్న బిడ్డ ఏడ్చే బొమ్మనే చూపిస్తుంది, మనం నొప్పి మందు పెంచుతాం.

తేలిక నొప్పి మందు నుంచి బలమైనదానికి వెళ్లే మెట్లు పిల్లలకు రెండే. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు మధ్య మెట్టు తీసేసింది. ఆ మెట్టులో ఉండే కోడీన్ కొందరు పిల్లల శరీరంలో మార్ఫిన్‌గా మారదు, కొందరిలో ప్రమాదకరమైనంత వేగంగా మారుతుంది. ఎవరు ఏ రకమో ముందే తెలియదు. అదే మెట్టులో వాడే ట్రమడాల్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు నొప్పి కోసం ఇవ్వొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. అయినా మన ప్రిస్క్రిప్షన్లలో ట్రమడాల్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ సరిపోకపోతే నేరుగా చిన్న మోతాదు మార్ఫిన్‌కు వెళ్లమనే ఈ పాఠం కోసమైనా ఈ కోర్సు చదవాలి.

మనకూ కోర్సుకూ మధ్య దూరం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆఫ్రికా దేశాల్లో సీసాలో ద్రవరూపంలో దొరికే మార్ఫిన్‌తో పాఠం నడుస్తుంది. ఉగాండాలో 1993లో మొదలైన హాస్పిస్ ఆఫ్రికా ఉగాండా మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి, 5 మి.లీ.లో 5 మి.గ్రా. ఉండేలా ఆకుపచ్చ రంగు వేసి సీసాల్లో పోసి ఇస్తుంది. తల్లి సిరంజితో కొలిచి పట్టేస్తుంది. మన దగ్గర ఎక్కువగా చేతికొచ్చేది 10 మి.గ్రా. మాత్ర. ఆ మాత్రను సగం విరిచినా, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాల్సిన మూడేళ్ల బిడ్డకు ఎక్కువే.

లెక్క ఇలా చూడండి. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఆరంభ మోతాదు కిలోకు 0.2–0.5 మి.గ్రా., నాలుగు గంటలకోసారి. మొదటి మోతాదు 5 మి.గ్రా. దాటకూడదు. 12 కిలోల మూడేళ్ల బిడ్డకు కింది అంచు నుంచి మొదలుపెడితే 2.4 మి.గ్రా. దాన్ని 2.5 అనుకుంటే రోజుకు ఆరు మోతాదులు, 15 మి.గ్రా. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇచ్చే అదనపు మోతాదు రోజు మొత్తంలో 5–10 శాతం, అంటే 0.75 నుంచి 1.5 మి.గ్రా. ఏడాది లోపు పసివాళ్లకు మోతాదు ఇంతకంటే బాగా తక్కువ. కిడ్నీలు సరిగా లేని పిల్లలకు మోతాదు తగ్గించాలి లేదా వ్యవధి పెంచాలి. అది డాక్టర్ బిడ్డను చూసి తేల్చాల్సిన విషయం.

ఇంటి దగ్గర ఇవ్వాలంటే 10 మి.గ్రా. మామూలు మాత్రను మెత్తగా నలిపి, కాచి చల్లార్చిన నీళ్లు కొద్దిగా పోసి కరిగించి, మొత్తం 10 మి.లీ. అయ్యేలా కలపాలి. అప్పుడు 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటుంది. బాగా కలిపిన వెంటనే సూది తీసేసిన 5 మి.లీ. సిరంజితో 2.5 మి.లీ. తీసి చెంప లోపలి వైపు నెమ్మదిగా వదలాలి. ఇక్కడ తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. నిదానంగా పనిచేసే ఎస్ఆర్ మాత్రను నలిపితే పన్నెండు గంటల మందు ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది, అది ప్రాణాంతకం. అందుకే మాత్రల పట్టీ మీద పేరు తల్లికి చూపించి గుర్తుపట్టించాలి. ఇన్సులిన్ సిరంజి ఇవ్వకూడదు, దాని మీద గీతలు యూనిట్లవి. పొడి అడుగున పేరుకున్నాక పైనీళ్లు తీస్తే మొదటి మోతాదు పలచగా, చివరిది చిక్కగా అవుతుంది. పూటకు పూట కొత్తగా కలిపి మిగిలింది పారబోయడం మేలు. పారబోసే దాకా మిగతా పిల్లల చేతికి అందనివ్వకూడదు.

కేస్ షీట్‌లో మార్ఫిన్ పక్కన ‘ఎస్‌ఓఎస్’, అంటే అవసరమైతేనే ఇవ్వమని, రాయడం మన అలవాటు. బిడ్డ ఏడ్చాక సిస్టర్ డాక్టర్‌ను అడిగి, తాళం తీసి, మందు ఇచ్చి, అది పనిచేసేసరికి గంట గడుస్తుంది. గడియారం ప్రకారం ఇవ్వమని కోర్సు మళ్లీ మళ్లీ చెబుతుంది. మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమంటుంది. రెండోది మరిచిపోతే నాలుగో రోజుకు కడుపు ఉబ్బి, ‘మార్ఫిన్ పడలేదు’ అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు.

పిల్లలతో మాట్లాడటం మీద ఉన్న కోర్సు బాగుంది, కానీ దీన్ని యథాతథంగా వాడలేం. ‘బిడ్డకి మాత్రం చెప్పకండి సార్’ అని తలుపు దగ్గరే చేతులు పట్టుకునే తాతయ్య ఆ పాఠాల్లో ఉండడు. ఆయనతో వాదనకు దిగకుండా ‘పాపకు ఇప్పటికే ఏం తెలుసనుకుంటున్నారు? రాత్రిళ్లు ఏమైనా అడుగుతోందా?’ అని మొదలుపెట్టడం ఇక్కడ పనిచేస్తుంది. పాలియేటివ్ అనే మాటను ఇంట్లోవాళ్లు ‘వదిలేశారు’ అనే అర్థం చేసుకుంటారు. ‘జబ్బుకు ఇచ్చే మందు సంగతి ఆ డాక్టర్లు చూస్తారు, బాధ తగ్గించే మందు మేం కలుపుతున్నాం’ అని చెప్పాలి.

నొప్పి రకాలకు తెలుగు మాటల పట్టిక మీరే తయారు చేసుకోండి. సలుపు, పోటు, మెలిపెట్టడం ఒకవైపు; మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు మరోవైపు. రెండో వరుస మాటలు వినిపిస్తే నరాల నొప్పి అని అనుమానించి మందు మార్చే ఆలోచన చేయాలి. చిన్న పిల్లలు ఇంట్లో నొప్పికి వాడే ముద్దుమాట ఏమిటో తల్లిని అడిగి కేస్ షీట్ మొదటి పేజీలో రాస్తే రాత్రి డ్యూటీ సిస్టర్‌కు అదే దారి చూపుతుంది.

ఆట కోర్సు చిన్నది, హాయిగా సాగుతుంది. చివరి రోజుల కోర్సుతో పాటు బ్రిటన్‌లోని పిల్లల పాలియేటివ్ వైద్యుల సంఘం ఉచితంగా ఇచ్చే మందుల పుస్తకం దగ్గర పెట్టుకోండి. కాకపోతే అందులోని డయామార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మనకు దొరకదు. మూర్ఛకు చెంపలో వేసే మిడజోలామ్ బదులు ఇక్కడ ముక్కులో కొట్టే స్ప్రే దొరుకుతుంది. మోతాదు లెక్క వేరు కాబట్టి పుస్తకంలోని అంకెను అలాగే దింపకూడదు.

చదివాక ఎదురుగా ఉన్న బిడ్డ గురించి ఎవర్నైనా అడగాలనిపిస్తుంది. అందుకు ఎకో పద్ధతి ఉంది. న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టిన వీడియో చర్చల పద్ధతి ఇది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేసే పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ, కెనడాకు చెందిన టూ వరల్డ్స్ క్యాన్సర్ కొలాబరేషన్ కలిసి దీన్ని దక్షిణాసియా పిల్లల పాలియేటివ్ కేర్‌కు తెచ్చాయి. ఒక చిన్న పాఠం, తర్వాత ఒక కేసు. మా దృష్టిలో కోర్సుకు సరైన జోడీ ఇదే. సలహా ఇచ్చేవాళ్లకు మన మందుల షాపులో ఏం దొరుకుతుందో, ఊరు ఎంత దూరమో తెలుసు.

కేసు పెట్టేటప్పుడు వయసు, కిలోల్లో బరువు, జబ్బు, నొప్పి స్కోరు, ఇప్పుడిస్తున్న ప్రతి మందు మి.గ్రా.ల్లో, వేళలతో సహా, ఇప్పటికే ఏమేం ప్రయత్నించారో, ఇంట్లో ఎవరున్నారో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో రాసి, చివర ఒకే ఒక్క ప్రశ్న అడగండి. బరువు రాయకపోతే చర్చ అక్కడే ఆగిపోతుంది. ‘నొప్పి తగ్గట్లేదు’ అని మాత్రమే రాస్తే సగం సమయం ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని ఎదురు ప్రశ్నలకే పోతుంది. పేరు, ఫోటో, ఆసుపత్రి నంబరు, ఊరి పేరు ఉండకూడదు.

విదేశాల్లో ఉన్న తెలుగు డాక్టర్లు, నర్సులు ఎలా సాయపడొచ్చని అడుగుతుంటారు. ఇలాంటి చర్చల్లో నెలకో గంట, ఏడాది పొడుగునా కూర్చోవడం, సెలవుల్లో వచ్చి ఇచ్చే ఒక్క ఉపన్యాసం కంటే విలువైనది. సామాన్లు పంపేముందు మాత్రం ఆగి అడగండి. మందును కొద్దికొద్దిగా ఎక్కించే అమెరికా సిరంజి పంపు 120 వోల్టులది, మన గోడ ప్లగ్గులో వచ్చేది 230. దానికి సరిపోయే ట్యూబులు, బ్యాటరీలు ఇక్కడ దొరక్కపోతే ఆరు నెలల్లో అది అల్మారాలోకి చేరుతుంది. మార్ఫిన్, ఫెంటనిల్ ప్యాచీల వంటివి సామానులో తేవద్దు, మన మాదకద్రవ్యాల చట్టం కింద అది నేరం. అదే చట్టాన్ని 2014లో సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు ఆరు అత్యావశ్యక నొప్పి మందులకు ఒకే లైసెన్సు చాలునన్నారు. మీ జిల్లా ఆసుపత్రికి ఆ గుర్తింపు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే దరఖాస్తు పెట్టే సిబ్బందికి తోడుండటం పంపు పంపడం కంటే ఎక్కువ మంది పిల్లలకు అందుతుంది.

కోర్సు మొదలుపెట్టేవాళ్లు ఒంటరిగా చదవకండి. ఒక వార్డు నుంచి కనీసం ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు కలిసి పరిచయం, నొప్పి ముందు పూర్తి చేయండి. డాక్టరొక్కరే చదివితే రాత్రి రెండు గంటల మోతాదు ఇవ్వడానికి నర్సు చేయి వెనకాడుతుంది. నర్సొక్కరే చదివితే ఆ మోతాదు రాసేవాళ్లుండరు. రెండూ పూర్తయ్యాక ఎఫ్‌ఎల్‌ఏసీసీ పట్టిక తెలుగులో రాసి టెంపరేచర్ చార్టు పక్కనే పెట్టండి. మాట్లాడటం మీద కోర్సు ఆ తర్వాత చదివితే సరిపోతుంది.