తిరుపతిలో బయాప్సీ స్లైడ్లకి సెకండ్ ఒపీనియన్: 5 స్టార్లు, మొదటి సెంటర్‌కి 2

మా చిన్నమ్మది చంద్రగిరి. మామోగ్రామ్‌లో సన్నటి కాల్షియం చుక్కలు గుంపుగా ఉన్నాయంటే తిరుపతిలోనే ఒక సెంటర్‌లో బయాప్సీ చేయించాం. పేరు చెప్పను. టెస్టు శుభ్రంగానే చేశారు, రిపోర్టు మాత్రం కౌంటర్‌లో కవర్లో పెట్టి ఇచ్చేసి "డాక్టర్‌కి చూపించుకోండి" అన్నారు, అంతే. డక్టల్ కార్సినోమా ఇన్ సిటు, హై గ్రేడ్ అని రాసుంది. అంటే పాలనాళం దాటని రొమ్ము క్యాన్సర్ తొలిదశ, కణాలు మామూలువాటికంటే బాగా తేడాగా ఉన్న రకం అని తర్వాత తెలిసింది. కార్సినోమా అన్న మాట చూసి చిన్నమ్మ అక్కడే మెట్ల మీద కూలబడిపోయింది. ఇలాంటి కాగితం చేతికిచ్చేముందు పక్కన కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పే మనిషి లేకపోతే ఎలా? అందుకే 2.

మిగతా రివ్యూ అంతా ఆ తర్వాత స్లైడ్లు, బ్లాకులు (బయాప్సీ ముక్కని మైనంలో పెట్టి దాచినవి) పట్టుకెళ్లి చూపించిన పాథాలజిస్ట్ మేడమ్ గురించి. ఆవిడ స్లైడ్‌ని మానిటర్ మీద పెట్టి చిన్నమ్మకే చూపించారు. పాలనాళం లోపలంతా ఊదారంగు కణాలు కిక్కిరిసి ఉన్నాయి, చుట్టూ గోధుమరంగు చుక్కల వరుస. పీ63 అనే రంగు వేస్తే అలా తేలేవి మయోఎపిథీలియల్ కణాలట. వాటి వెనకే బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలచటి పొర. ఈ రెండూ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు జబ్బు నాళంలోనే ఉన్నట్టు, అదే స్టేజ్ 0.

"మరి గట్టు ఎప్పుడు తెగుతుంది మేడమ్?" అని అడిగింది చిన్నమ్మ, సేద్యం చేసే మనిషి కదా. ఆ ప్రశ్నకి ఆవిడ ఇచ్చిన జవాబు కోసమే ఈ రివ్యూ రాస్తున్నా. గట్టు లోపలి ఒత్తిడికే తెగదట, బయటినుంచి కూడా కోసుకుపోతుందట. కాపలా ఉన్న మయోఎపిథీలియల్ కణాలు ముందు పలచబడి చెదిరిపోతాయి, నాళం చుట్టూ ఉండే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు తీరు మార్చుకుని క్యాన్సర్‌కే సాయం చేస్తాయి, ఎంఎంపీ అనే ఎంజైములు పొరని కొరికేస్తాయి. మేమంతా ఏదో కొత్త జీన్ చెడితేనే బయటపడుతుందనుకున్నాం, కానీ పీఐకే3సీఏ, టీపీ53 లాంటి జీన్లలో మార్పులు చాలామందిలో నాళంలో ఉన్నప్పుడే ఉంటాయట. 2018లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 10 మంది పేషెంట్ల కణాల్ని ఒక్కొక్కటిగా విడదీసి జీన్లు చదివితే, లోపలున్న కణాల గుంపులే బయటా కనిపించాయి, అదీ ఒక్క గుంపు కాదు, చాలాసార్లు రెండు మూడు కలిసే బయటికొచ్చాయి. కణాల్ని వేగంగా పెంచే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండటమైతే ఇంకా విచిత్రం, బయటికి పాకిన క్యాన్సర్‌లో కంటే నాళంలో ఉన్న దశలోనే ఎక్కువమందిలో కనిపిస్తుందట. అందుకే ఎవరికి పాకుతుంది, ఎవరికి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది అన్నది ఒక్క జీన్ చూసి చెప్పలేరు.

ఒకచోట చుక్కల వరుస పలచగా కనిపిస్తే ఆవిడ అక్కడితో వదిలేయలేదు. బ్లాక్‌లోంచి ఇంకా లోతుగా ముక్కలు కోయించి మళ్లీ చూశారు. పొర దాటినట్టు ఎక్కడా లేదని రాసిచ్చారు. అయినా సూదికి దొరికేది చిన్న ముక్కేననీ, ఇలా వచ్చినవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి ఆపరేషన్‌లో పొర దాటిన జబ్బు బయటపడుతుందనీ దాచకుండా చెప్పారు. వినడానికి కష్టంగానే ఉంది, కానీ ముందే తెలియడం మంచిదైంది.

గ్రేడ్ రెండోసారి చూపించుకోవడం ఎందుకంటే, హై గ్రేడ్ కాని, తక్కువ రిస్క్ ఉన్నవాళ్లని వెంటనే కోయకుండా గమనిస్తూ ఉండొచ్చా అని కామెట్ అనే ట్రయల్ చేశారు, 2024 డిసెంబర్‌లో వచ్చిన రెండేళ్ల ఫలితాల్లో పొర దాటిన క్యాన్సర్ గమనించినవాళ్లలో 4.2 శాతం, ఆపరేషన్ వైపు 5.9 శాతం. చిన్నమ్మది హై గ్రేడ్ కాబట్టి ఆ దారి లేదు. లంపెక్టమీ (రొమ్ము మొత్తం తీయకుండా జబ్బున్న భాగమే తీయడం), తర్వాత రేడియేషన్ అని సర్జన్ నిర్ణయించారు, ఈఆర్ పాజిటివ్ (కణాలు ఈస్ట్రోజెన్ హార్మోన్‌కి స్పందించే రకం) కాబట్టి హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు కూడా.

వెయిటింగ్ హాల్ ఇరుకు, ఫ్యాన్ ఒక్కటే, ఉదయమే వెళ్లండి. మొదటి సెంటర్‌లో స్లైడ్లతోపాటు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, అడగకపోతే స్లైడ్లే ఇస్తారు, బ్లాక్ లేకుండా కొత్త ముక్కలు కోయడం కుదరదు.