ఇంగ్లీషు పలుకుబడికి తెలుగులో ఏది మేలు: మక్కికి మక్కీనా, సామెతా, వాడుక మాటా?

సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసే పని ఇప్పుడు హైదరాబాదులో కూర్చునే చెయ్యాలని లేదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంటి నుంచే రాస్తున్నవాళ్లున్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే. పాత్ర ఇంగ్లీషులో ఏదో జాతీయమో, కుర్రకారు మాటో విసురుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించాలా, మన సామెత ఒకటి తెచ్చి పెట్టాలా, మామూలు వాడుక మాటలో చెప్పాలా, ఇంగ్లీషు ముక్కనే తెలుగు అక్షరాల్లో రాసెయ్యాలా? నవలలు అనువదించేవాళ్లూ ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందు మక్కికి మక్కి సంగతి. దీన్ని అందరూ చులకనగా చూస్తారు గానీ, ఈ దారిన వచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలు తక్కువేమీ కాదు. ఎర్ర తివాచీ పరచడం, మొసలి కన్నీరు కార్చడం ఇంగ్లీషు నుంచి వచ్చాయని ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా రాదు. అయితే అలా నిలబడ్డవాటిలో ఎక్కువభాగం పత్రికల్లోంచీ, ఉపన్యాసాల్లోంచీ వచ్చినవే. ఏళ్ల తరబడి అచ్చులో చూసి చూసి అలవాటయ్యాయి. టీ కొట్టు దగ్గర స్నేహితుడితో మాట్లాడేటప్పుడు ఎవరూ ఎర్ర తివాచీ పరచరు. సబ్‌టైటిల్‌కు అలా అలవాటయ్యేంత వ్యవధి ఉండదు. తెర మీద ఉండే కొద్ది సెకన్లలోనే అర్థం కావాలి. పైగా ఇంకో ప్రమాదం ఉంది. ఇంగ్లీషువాళ్లు ‘కాలు లాగడం’ అంటే సరదాగా ఆటపట్టించడం. మన దగ్గర ఒకరి కాళ్లు పట్టి లాగడమంటే ఎదగనివ్వకుండా కిందికి గుంజడం. ‘నా కాలు లాగుతున్నావా?’ అని రాస్తే ప్రేక్షకుడికి అర్థం కాకపోవడమే కాదు, ఇద్దరు స్నేహితుల మధ్య లేని పగ కనిపిస్తుంది. ‘ఆటపట్టిస్తున్నావా?’ అంటే సరిపోయేదానికి అంత నష్టం ఎందుకు?

ఇంగ్లీషు ముక్కనే ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద. ఆ మాట మన పిల్లల తెలుగు వాక్యాల్లో ఇప్పటికే తిరుగుతూ ఉండాలి. ‘చిల్ అవ్వు మామా’, ‘బోర్ కొడుతోంది’, ‘లైట్ తీసుకో’ లాంటివి ఇంక మనవే. ‘నో క్యాప్’ ఇంకా అలా కలిసిపోలేదు. ‘అబద్ధం కాదు, నిజం’ అని నొక్కి చెప్పడానికి అదే వయసు పిల్లల నోట్లో ‘అమ్మతోడు’ సిద్ధంగా ఉంది, దాన్నే వాడండి. పుట అడుగున వివరణ ఇవ్వడం నవలల్లో ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది, తెర మీద కుదరదు. జాతీయాన్ని వదిలేసి సాగిపోవడం చోటు చాలనప్పుడు తప్పదు. ఈ రెంటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అసలు పోటీ సామెతకూ వాడుక మాటకూ మధ్యనే. తెలుగు బాగా చదువుకున్నవాళ్లు సామెత వైపే మొగ్గుతారు. ఇంగ్లీషులో బొమ్మ కట్టిన మాట ఉంది కాబట్టి తెలుగులోనూ బొమ్మ కట్టిన మాటే ఉండాలన్నది వాళ్ల వాదన. వాదనలో బలం ఉంది. ‘పీస్ ఆఫ్ కేక్’కు ‘నల్లేరు మీద బండి నడక’ అర్థంలో అచ్చంగా సరిపోతుంది. కానీ బాస్టన్‌లో హాస్టల్లో ఉండే ఇరవై ఏళ్ల అమ్మాయి పరీక్ష రాసి బయటికొచ్చి తన స్నేహితురాలితో ‘నల్లేరు మీద బండి నడకే’ అంటే, ఆ అమ్మాయి వయసు ఒక్కసారిగా యాభై దాటిపోతుంది. మన అనంతపురం జేఎన్‌టీయూలో చదివే అమ్మాయి కూడా అలా అనదు. ‘అదెంత పని!’ అంటుంది. లేదా ‘ఏముందే అందులో, ఇట్లే రాసేసినా’ అంటుంది.

బొమ్మ కట్టిన మాటతో వచ్చే ఇంకో చిక్కు మన సీమలో ఉన్నవాళ్లకు తొందరగా తెలుస్తుంది. ఇంగ్లీషు పలుకుబళ్లలో వాన తరచుగా కష్టానికి గుర్తు. చెడ్డరోజుల కోసం దాచుకోవడాన్ని వాళ్లు వాన రోజు కోసం దాచుకోవడం అంటారు. కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడితే ‘వాన పడితే కుండపోతే’ అన్న అర్థం వచ్చేలా మాట్లాడతారు. పిలిచినచోటికి ఇప్పుడు రాలేను, ఇంకోసారి వస్తాననడానికి ‘రెయిన్ చెక్’ తీసుకుంటామంటారు. అమెరికాలో బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే, ఆ టికెట్టు ముక్కతో మరో రోజు రానిచ్చే పద్ధతి ఉండేది. ఆ మాట అక్కడ పుట్టింది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. జూన్ వచ్చిందంటే శనక్కాయ విత్తడానికి రైతు ఆకాశం వైపు చూస్తుంటాడు. ఇక్కడ ‘వాన రోజుకు దాచుకో’ అని రాస్తే, వాన పడ్డ రోజున విత్తనాలకు డబ్బు కావాలి గదా, అందుకే దాచుకోమంటున్నాడని అర్థం చేసుకుంటారు. వాళ్ల లెక్కలో అది సరైన అర్థమే.

మరి సామెత పెడదామా? వరస కష్టాలకు మనకు ‘దుర్భిక్షంలో అధికమాసం’ ఉంది. కరువు సీమకు ఇంతకంటే గుచ్చుకునే సామెత దొరకదు. కానీ దాంట్లో మన పంచాంగం మొత్తం దూరి ఉంది. టెక్సస్‌లో లారీ తోలే మనిషి నోటి నుంచి అధికమాసం రాగానే ప్రేక్షకుడికి టెక్సస్ మాయమైపోతుంది. ‘రామాయణంలో పిడకల వేట’, ‘స్వామికార్యం, స్వకార్యం’ కూడా ఇంతే. ఆ లారీ డ్రైవర్ చేత ‘కష్టాలన్నీ కట్టగట్టుకుని వచ్చినాయి’ అనిపించండి. మనిషి తన ఊళ్లోనే ఉంటాడు, బాధ మన తెలుగులో ఉంటుంది.

నా మటుకు తేల్చే విషయం బొమ్మ కాదు. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎంత చనువుతో, ఎంత కోపంతో అంటున్నారన్నదే. కుర్రకారు మాట పని అర్థం చెప్పడం కంటే ఎక్కువగా ఇద్దరి మధ్య దూరం ఎంతో చూపించడం. ‘కిక్ ద బకెట్’ తీసుకోండి. తెలుగులో చావుకు ఎన్ని మెట్లున్నాయో చూడండి: పరమపదించారు, కాలం చేశారు, కన్నుమూశారు, పోయారు, పోయాడు, నూకలు చెల్లాయి, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు. చివరిది ఇంగ్లీషు మాటకు నకలులాగే ఉంది కాబట్టి అన్నిచోట్లా అదే పెట్టేస్తున్నారు. ఆస్తి కోసం కాచుకున్న మనవడు తాత గురించి అంటే సరే. ముసలాయన తన గురించి తానే నవ్వుతూ అంటే ‘నా నూకలు చెల్లేలోపు’ అన్నది నాకు మేలనిపిస్తుంది, ఆ నవ్వులో కొంచెం దిగులు కూడా ఉంటుంది. భర్త పోయిన ఆవిడ ఎదుట పక్కింటివాడు నోరు జారినట్టు అంటే, ఆవిడకు ఎంత తగలాలో కొలుచుకుని ‘టపా కట్టేశాడు’ రాయాలి. ఇంగ్లీషులో ఒకే మాట. తెలుగులో మూడు.

‘షటప్’ ఇంకా చిన్న మాట, ఇంకా పెద్ద చిక్కు. కోపంలో ‘నోర్ముయ్’. బతిమాలుతూ ‘ఊరుకోప్పా’. పెద్దవాళ్లతో అయితే ‘ఊరుకోండి’. ఆశ్చర్యంలో ‘ఛ, నిజమా!’. ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే ఉంది కాబట్టి, నువ్వా మీరా, ‘రా’ చేర్చాలా ‘అన్నా’ చేర్చాలా అన్నది అనువాదకుడే తేల్చుకోవాలి. ఆ ఇద్దరి సంబంధం తేలకుండా నిఘంటువు తెరిచి లాభం లేదు.

సంబంధం తేలాక తెలుగు మీకు అడక్కుండానే సాయం చేస్తుంది. మన భాషలో చనువూ, చిరాకూ ఉండేది సామెతల్లో కంటే క్రియల తోకల్లో ఎక్కువ. ‘చెప్పు’ అన్న మాటనే చూడండి. చెప్పవా, చెప్పేయ్, చెప్పి పారేయ్, చెప్పి తగలడు, చెప్పి ఏడువు, చెప్పి చావు. తోక మారినకొద్దీ వేడి పెరుగుతుంది. నోట్లో మాట ఉమ్మెయ్యమని ఇంగ్లీషువాడు విసుక్కున్నచోట ‘చెప్పి ఏడువు’ కంటే మంచి అనువాదం ఏ సామెతల పుస్తకంలోనూ దొరకదు. ఎవరైనా ఆలస్యంగా వస్తే ‘వచ్చాడు’ కాదు, ‘తగలడ్డాడు’. పిలవకుండా వస్తే ‘ఊడిపడ్డాడు’. పడుకోవడాన్ని ‘హిట్ ద సాక్’ అంటే ‘ముసుగు తన్నాడు’. రహస్యం ‘స్పిల్’ చేస్తే ‘కక్కేశాడు’. ‘ఘోస్ట్’ చేస్తే ‘ముఖం చాటేసింది’, ఆ పని ఫోన్లు లేనప్పుడూ ఉంది, మాటా ఉంది. పెళ్లి ముందు ‘కోల్డ్ ఫీట్’ వస్తే ‘జారుకున్నాడు’. స్టేజీ ఎక్కేవాడికి బాగా చెయ్యమని ‘బ్రేక్ ఎ లెగ్’ (మక్కికి మక్కి, ‘కాలు విరగ్గొట్టుకో’) అంటే ‘ఇరగదీసేయ్ పో’. విరగడమన్న మాట కూడా దానంతటదే వచ్చి కూర్చుంది.

కడపలో ఉన్నవాళ్లకు దగ్గర్లోనే ఒక మంచి పాఠశాల ఉంది. 1820లో కడపకు వచ్చి, ఇక్కడ పనిచేసిన సి.పి. బ్రౌన్ దొర తయారుచేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తీసి, ‘కొట్టు’, ‘పడు’ లాంటి మామూలు క్రియల దగ్గర ఆగండి. ఒక్కో క్రియ ఎన్ని మాటలతో కలిసి ఎన్ని అర్థాలిస్తుందో వరసగా కనిపిస్తుంది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి. సామెతల సంకలనం ముందేసుకుని కూర్చునేకంటే, ఆ క్రియలతో గడిపితే మీ సబ్‌టైటిళ్లు త్వరగా బాగుపడతాయి.

సామెతే గెలిచే చోటు ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. సంభాషణ ఆ బొమ్మ మీదే ఆడుకున్నప్పుడు. రహస్యం బయటపెట్టడాన్ని ఇంగ్లీషులో ‘స్పిల్ ద బీన్స్’, అంటే గింజలు ఒలకబోయడం అంటారు. ఒకడు అలా రహస్యం బయటపెట్టాడు, ఎదుటివాడి చేతిలో నిజంగానే గింజల గిన్నె ఉంది, ఇద్దరూ దాన్ని చూసి నవ్వుకున్నారు. అక్కడ ‘కక్కేశాడు’ పనికిరాదు. ‘నీ నోట్లో నువ్వు గింజ నానదు కదా’ అంటే గింజా దక్కుతుంది, నవ్వూ దక్కుతుంది. పిల్లల కథల్లో, తెలుగువాడే చెబుతున్నట్టు సాగే కథనంలో కూడా సామెతకు చోటుంది.

ఇక ఏ తెలుగు అన్నది మిగిలింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. ఇంగ్లీషు సినిమాలో కత్తి పట్టినవాడు రాగానే వాడి నోట్లో సీమ యాస పెట్టేస్తారు, చదువుకున్నవాళ్లందరికీ పత్రికల తెలుగు పెడతారు. బాంబులూ, పగలూ తప్ప ఈ నేల మీద ఇంకేమీ లేనట్టు ఇప్పటికే చాలా చూపించారు. ఆ పనికి మనమూ చెయ్యి కలపకూడదు. సీమ మాటలు చనువున్న ప్రతిచోటా రావాలి, అన్ని రకాల మనుషుల నోటా రావాలి. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు స్నేహితుడు ఆలస్యంగా వస్తే ‘యాడికి పోయినావప్పా ఇంతసేపు’ అనే అడుగుతాడు. షికాగో ఆసుపత్రిలో డాక్టరు తన తోటి డాక్టరును ‘వేర్ ద హెల్ హ్యావ్ యు బీన్’ అని అడిగినప్పుడు మీరూ అదే రాయండి. పని ఇచ్చినవాళ్లు యాస వద్దంటే ‘ఎక్కడ చచ్చావ్ ఇంతసేపు’ అని మార్చి పంపండి. ‘ఇంతసేపు ఎక్కడ ఉన్నావు’ వరకు మాత్రం దిగకండి.