పెన్న వెంబడి గాలం పట్టుకుని: గండికోట నుంచి మైపాడు దాకా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన 61 రోజుల నిషేధం అది. పిల్లల ఎండాకాలం సెలవులూ సరిగ్గా ఈ రోజుల్లోనే. కాబట్టి సెలవుల్లో చేపలు పట్టాలనుకునేవాళ్లు నేరుగా సముద్రానికి పరుగెత్తకుండా, ముందు దగ్గరున్న నీళ్లు చూసుకోవడం మేలు.

మాది ప్రొద్దుటూరు. మా ఊరి దగ్గర పెన్న మే నెలలో ఉత్త ఇసుక. "ఇసుకలో ఏం పడతావు బావా, తొండల్నా?" అన్నాడు మా బామ్మర్ది. కానీ అదే పెన్న ఎగువన గండికోట, మైలవరం దగ్గర నీళ్లతో ఉంటుంది. శ్రీశైలం నీళ్లు గాలేరు–నగరి కాలువలో అవుకు మీదుగా గండికోట జలాశయానికి వస్తాయి. ఎండాకాలంలో అక్కడ మనం చూసేది చాలావరకు కృష్ణమ్మనే. అక్కడ మొదలుపెట్టి నది సముద్రంలో కలిసే దాకా పోదామని బయల్దేరాం. 67వ నంబరు జాతీయ రహదారి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరుస్తుంది కాబట్టి దారి వెతుక్కునే పని లేదు.

గండికోట చేపలకు పనికొచ్చే చోటు కాదు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్న లోయ, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడటానికి తప్పకుండా పోవాలి. నీళ్లు మాత్రం ఎక్కడో కింద. ఆ బండల మీద గాలం వేస్తానని అంచుకు పోయే కుర్రాళ్లను చూస్తే నాకు కాళ్లు వణికాయి. బస విషయానికొస్తే, టూరిజం వాళ్ల హరిత హోటల్ గది తీసుకోండి. లోయ అంచు దాపున గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబరులో అయితే నేనూ అందులోనే పడుకుంటాను. మే నెలలో వద్దు. పగలంతా కాగిన బండ రాత్రి చాలాసేపటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, పిల్లలకు నిద్ర పట్టదు. పైగా మాకు గుడారం చూపించినాయన ఫోన్లో చెప్పిన మాట ఒకటి, అక్కడ చెప్పిన మాట ఒకటి. బాత్రూం ఎంత దూరంలో ఉందో ముందే అడగండి.

అసలు పని మైలవరంలో. గండికోట కిందనే ఉన్న జలాశయం ఇది. గేట్ల దగ్గరా కట్ట మీదా గాలం జోలికి పోకూడదు. జలాశయంలో చేపల మీద హక్కు లైసెన్సున్న మత్స్యకారులది, సంఘాలది. తెల్లవారుజామున వాళ్లు వలలు ఎత్తుకుని ఒడ్డుకు వచ్చే వేళకు పోయి, "అన్నా, పిల్లోళ్లు ముచ్చట పడుతున్నారు, ఒక పక్కన గాలం ఏసుకుంటాం" అని అడిగితే వాళ్లలో ఒకాయన కాదనలేదు. "వలలు కట్టిన దిక్కు రాబాకండి, ముల్లు తగులుకుంటే మాకు తిప్పలు" అని చోటు కూడా ఆయనే చూపించినాడు. అడక్కుండా కూర్చుంటే ఆ మర్యాద దొరకదు.

సరంజామాకు పెద్ద ఖర్చేం లేదు. సన్న వెదురుకర్ర, నైలాన్ దారం, చిన్న ముల్లు, సీసం గుండు, బెండుకు జొన్నదంటు ముక్క. ఎర దగ్గరే చిక్కు. మే నెలలో వానపాములు ఎక్కడ దొరుకుతాయి? పేడదిబ్బ అడుగున, స్నానాల నీళ్లు పారే చోట తవ్వాలి. అవి లేకపోతే గోధుమపిండిలో కాస్త తవుడు కలిపి గట్టిగా పిసికిన ముద్ద. మత్స్యశాఖ వదిలే పిల్లల్లో బొచ్చె, రోహు, మోసు ఉంటాయి కానీ, ఒడ్డున కూర్చుని చిన్న గాలం వేసేవాళ్లకు తగిలేది ఎక్కువగా జిలేబి చేప, పరిగె, అప్పుడప్పుడు జెల్ల. జెల్లకు పక్కన, వీపున ముళ్లుంటాయి, గుచ్చుకుంటే సలుపు. పిల్లల్ని తాకనివ్వకుండా మీరే గుడ్డతో పట్టి గాలం ముల్లు విప్పండి. ఎండెక్కితే చేప లోతుకు దిగిపోతుంది. పొద్దున ఎనిమిదిన్నర తర్వాత మాకు ఒక్కటి కూడా పడలేదు, గొడుగులూ తెచ్చుకోలేదని మా ఆవిడ సణుగుడు తప్ప.

పెద్ద చేప కావాలంటే ఒడ్డునే కొనుక్కోవాలి. రోహు ఒకటి తీసుకుని జమ్మలమడుగులో ఒక చిన్న మెస్సుకు ఇస్తే పులుసు పెట్టి, రాగిసంకటి వేసి పెట్టారు. చింతపండు కాస్త ఎక్కువైంది. అయినా ఈ యాత్ర మొత్తంలో అంత మంచి తిండి మళ్లీ నెల్లూరులోనే దొరికింది.

కిందికి వస్తే ఆదినిమ్మాయపల్లి ఆనకట్ట, పుష్పగిరి. ఆనకట్ట దగ్గర మడుగులో నీళ్లుంటే గాలం వేయొచ్చు, లేకుంటే ఆగాల్సిన పని లేదు. పుష్పగిరి పంచనదీ క్షేత్రం, చెన్నకేశవుని గుడి ముందు చేపలు పట్టడం బాగుండదు, దండం పెట్టుకుని రండి. ఏటి ఇసుకలోకి పిల్లల్ని వదిలేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇసుక తోడిన గుంతల్లో నీళ్లు నిలిచి, పైకి మోకాలి లోతుగా కనిపిస్తూ మనిషి మునిగేంత ఉంటాయి.

సోమశిల వెనుక జలాల కోసం అట్లూరు వైపు పోయాం. 78 టీఎంసీల ప్రాజెక్టు, నిండినప్పుడు మన కడప జిల్లా పల్లెల దాకా పరుచుకుంటుంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే మిగిలేది బురద. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, అడుగు వేస్తే పిక్కల దాకా దిగుతుంది. పట్టేవాళ్ల దగ్గర కొనుక్కోవడానికి బాగుంది, పిల్లలతో గాలం వేయడానికి కాదు. ఈ చుట్టుపక్కల బస కావాలంటే ఒంటిమిట్ట నయం. గది దొరుకుతుంది, సాయంత్రం కోదండరాముని దర్శనమూ అవుతుంది.

ఇక మైపాడు. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లు ఉంటుంది. పెన్న దీనికి ఉత్తరాన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికి లాగి పెట్టి ఉన్నాయి, వలలు బాగు చేసుకుంటున్నారు. ఈ రెండు నెలలకు వాళ్లకిచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు. హోటళ్లలో వంజరం ఫ్రై అని బోర్డు కనిపిస్తే అది ఐసుపెట్టెలోంచి వచ్చిందో కాదో అడగండి. ఈ కాలంలో అడగాల్సింది ఎండ్రకాయలు. ఉప్పుటేర్లలో చేత్తో పట్టేవాళ్లు పడుతూనే ఉంటారు.

మేమూ అదే పట్టాం, మావాళ్లకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బకింగ్‌హాం కాలువలో కలిసే ఒక ఉప్పుటేరు గట్టున, పోటు ఎక్కే వేళ చూసుకుని కూర్చోవాలి. పోటుతో పాటే ఎండ్రకాయలు మేతకు పైకి వస్తాయి. గాలం అక్కర్లేదు. కోడి మెడ ముక్కో చేప తలకాయో గట్టి దారానికి కట్టి, ఒక రాయి జోడించి నీళ్లలో వదలాలి. దారం పక్కకు నడిచినట్టు లాగితే పడిందని గుర్తు. ఇక్కడే పిల్లలు ఆత్రపడి గుంజేస్తారు. వేలి లావు చొప్పున మెల్లగా పైకి తెస్తే అది మేత వదలదు, నీటి పైకి రాకముందే కింద చేతివల పెట్టి ఎత్తేయాలి. పట్టుకునేది వెనక కాళ్ల వైపు నుంచి. కడుపు కింద మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. గుడ్ల గుత్తి ఉన్నదాన్ని మళ్లీ నీళ్లలో వదిలేయండి. డొల్ల మెత్తగా నొక్కుకుపోతే లోపల కండ ఉండదు, అదీ వదిలేయడమే. రొయ్యల చెరువుల గట్ల దగ్గరికి మాత్రం పోవద్దు. కాపలావాళ్లు దొంగలనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు.

మైపాడులో టూరిజం రిసార్టు ఉంది, సముద్రం పక్కనే. శని, ఆదివారాల్లో ముందే బుక్ చేసుకోవాలి. మేము నెల్లూరులో దిగి పొద్దున్నే పోయి వచ్చాం. ఏసీ గది, తిండి రెండూ ఊర్లోనే మేలు. ఒడ్డున స్నానం లోతు చూసుకుని చేయాలి, అల వెనక్కి లాగే బలం ఎక్కువ.

ఎండ్రకాయల్ని ఇంటికి తేవాలంటే కాళ్లు పురికొసతో బిగించి తడి గోనెసంచిలో వేయాలి. బకెట్టులో నీళ్లు పోసి పెడితే ఊపిరాడక చస్తాయి. ఆత్మకూరులో ఒకసారి, బద్వేలులో ఒకసారి గోనె తడిపితే ప్రొద్దుటూరు దాకా బతికే ఉంటాయి. దారిలో చచ్చినదాన్ని వండకుండా పారేయండి, ఎంత పెద్దదైనా సరే.